కుర్చీ వ్యాసంలో పక్కింటావిడ

ఆ ఆదివారం పొద్దున్నే అద్దాలాయన భార్యకి కాఫీ కలిపి ఇచ్చాడు. కాపురాల్లో ఇలాంటివి ఊరికే జరగవని మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆవిడకి మనిద్దరికంటే బాగా తెలుసు. అందుకే కప్పు అందుకోకుండా ముందు ఆయన మొహంలోకి చూసింది.

“ఏం పగిలింది?” అంది.

“ఏం పగల్లేదు.”

“అయితే ఎవరొస్తున్నారు?”

“ఎవరూ రావట్లేదు. మొగుడు ప్రేమగా కాఫీ ఇస్తే తాగకూడదా?”

“తాగుతాను. ముందు పనేంటో చెప్పండి, చక్కెర సరిపోయిందో లేదో తర్వాత చెప్తాను.”

ఆ పనేమిటో చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి. బజారు వీధిలో ఆయనకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. అందుకే అందరికీ అద్దాలాయన. రోజంతా మనుషుల కళ్ళలోకి చూస్తూ గడిపినా ఆయన మొహం గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. షాపుకొచ్చేవాళ్ళకి వచ్చేటప్పుడు సరిగ్గా కనపడదు. జోడు పెట్టుకున్నాక అద్దంలో తమ మొహమే చూసుకుంటారు.

సాయంత్రం షట్టరు దించి, ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం ఆయన వేరే మనిషి. అక్కడ ఆయన పేరు దివిటీ. ఇంటర్నెట్టులో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది. జీతం బత్తెం లేకుండా ఎవరైనా అందులో వ్యాసం రాయొచ్చు, రాసినదాన్ని ఇంకెవరైనా దిద్దొచ్చు. దాని గొప్పతనమంతా అక్కడే ఉంది, దానితో వచ్చే తంటా అంతా కూడా అక్కడే ఉంది.

అందులోనే ఆయనకి సున్నా దొరికాడు. సున్నా అన్నది ఆ మనిషి అక్కడ పెట్టుకున్న పేరు. ఆయనెవరో, ఏం చేస్తాడో, జుట్టు నెరిసిందో ఊడిందో అద్దాలాయనకి తెలియదు. అయినా ఇద్దరూ కలిసి ఏళ్ళ తరబడి ఇంటి సామాను మీద వ్యాసాలు రాశారు. సూది, దువ్వెన, బకెట్టు, తలుపు, నిచ్చెన. ఒకరు రాస్తే ఒకరు దిద్దేవారు, దిద్దాక “బావుందండీ” అని ఒకరికొకరు చెప్పుకునేవారు. నిచ్చెన వ్యాసంలో సున్నా ఒక బ్రహ్మాండమైన వాక్యం రాసినప్పుడు అద్దాలాయన వంటింట్లోకి పరిగెత్తుకెళ్ళి భార్యకి చదివి వినిపించాడు. ఆవిడ గరిటె పట్టుకుని ఆసాంతం విని, “నిచ్చెనలో ఇంతుందా!” అంది. అది మెప్పో వెక్కిరింతో ఆయన ఇప్పటికీ తేల్చుకోలేదు.

బయట ఆయనకి నమస్కారాలు పెట్టేవాళ్ళున్నారు గానీ కూర్చుని మాట్లాడేవాళ్ళు లేరు. ఉన్న ఒక్క స్నేహితుడూ సున్నాయే. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పకముందే కంప్యూటరు ఆన్ చెయ్యడం చూసి ఆవిడే కనిపెట్టింది.

ఆ స్నేహం ఇప్పుడొక కుర్చీ దగ్గర చెడింది.

“మూడో అభిప్రాయం కావాలి,” అన్నాడు అద్దాలాయన.

“కాఫీ మీదా?”

“కుర్చీ వ్యాసం మీద. రాసేవాళ్ళిద్దరికీ తగువొస్తే, ఏ సంబంధమూ లేని మూడో మనిషి రెండువైపులా చదివి తన అభిప్రాయం చెప్పొచ్చు. అది అక్కడి పద్ధతి. వ్యాసం పక్కనే చర్చా పేజీ అని ఉంటుంది. నువ్వొక ఖాతా తెరిచి, అందులో ‘దివిటీ గారు చెప్పిందే నిజం’ అని ఒక్క ముక్క రాసెయ్యి. చాలు.”

“ఏ సంబంధమూ లేని మనిషినా నేను?”

“వేరే పేరుతో రాస్తే నువ్వెవరో వాళ్ళకేం తెలుస్తుంది?”

“ఇన్నేళ్ళ కాపురం చేశాక కుర్చీ కోసం సంబంధం లేదనేశారు.” ఆవిడ కాఫీ ఒక గుక్క తాగింది. “చక్కెర ఎక్కువైంది. ఇంతకీ తగువేంటి?”

“వ్యాసం పైన ఒక ఫొటో ఉంటుంది. నేను మన కొత్త కుర్చీ ఫొటో పెట్టాను. అంతకుముందు అక్కడ చేతుల్లేని పాత కుర్చీ ఒకటి ఉండేది. సున్నా అదే ఉండాలంటాడు. నేను పెడితే ఆయన తీస్తాడు, ఆయన పెడితే నేను తీస్తాను.”

“ఎప్పట్నుంచి?”

“కొత్త కుర్చీ కొన్నప్పట్నుంచి.”

ఆవిడ హాల్లోకి చూసింది. కిటికీ పక్కన, వెలుతురు బాగా పడే చోట, కొత్త కుర్చీ రాజుగారిలా కూర్చుని ఉంది. నల్లటి తోలు, మెత్తటి వీపు, మోచేతులు ఆనించుకోడానికి వెడల్పాటి చేతులు. అంతకుముందు అక్కడ ఆవిడ పేము కుర్చీ ఉండేది. ఆవిడ ఆఫీసునుంచి వచ్చి అందులో కూర్చుని ఉన్ని అల్లుకునేది. దానికి చేతుల్లేవు గనక మోచేతులకి ఏదీ అడ్డం వచ్చేది కాదు.

కొత్తది ఇంటికొచ్చినప్పుడు ఆవిడ ఆఫీసులో ఉంది. సాయంత్రం వచ్చి చూస్తే పేము కుర్చీ వెనక బాల్కనీలో, బట్టలుతికే మిషను పక్కన, తుడుపుగుడ్డ బకెట్టుని ఒళ్ళో పెట్టుకుని ఉంది. “ఒక మాట అడగొచ్చుగా,” అంది ఆవిడ. “పాతదైపోయింది కదే,” అన్నాడు ఆయన. అక్కడితో ఆ సంగతి అయిపోయిందనుకున్నాడు. మొగుళ్ళు చాలా సంగతులు అలాగే అయిపోయాయనుకుంటారు.

“మొన్నమొన్నటిదాకా వాదనే. నిన్న మాత్రం గట్టిగా రాశాడు,” అన్నాడు అద్దాలాయన. “‘కుర్చీ సంగతి తేలకపోతే నేనిక ఇక్కడ రాయను’ అన్నాడు. బెదిరిస్తున్నాడు.”

“మానేస్తే మానెయ్యనివ్వండి. మీ ఫొటోయే ఉంటుందిగా పైన.”

ఆయన ఖాళీ అయిన కప్పు ఆవిడ చేతిలోంచి తీసుకుని, లోపలికెళ్ళి, కడిగి బోర్లించాడు. సంగతి ఎంత దూరం పోయిందో ఆవిడకి అప్పుడు అర్థమైంది.

“సరే, రాస్తాను,” అంది. “కానీ రెండువైపులా చదివాకే రాస్తాను.”

“చదువు, చదువు! చదివితే నావైపే వస్తావు. పేరేం పెట్టుకుంటావు?”

“ఇంటావిడ అని పెట్టుకోనా?”

“దొరికిపోతాం!”

“అయితే పక్కింటావిడ.”

ఇక్కడ ఆవిడ ఉద్యోగం గురించి ఒక మాట చెప్పుకోవాలి. స్టేషన్లో పోయిన వస్తువుల ఆఫీసు ఆవిడదే. రైళ్ళలో జనం మర్చిపోయిన గొడుగులు, సంచులు, చేతికర్రలు అన్నీ ఆవిడ బల్ల దగ్గరికే చేరతాయి. ఒకే గొడుగు కోసం ఇద్దరొచ్చి జుట్లు పట్టుకోవడం ఆవిడకి రోజువారీ వ్యవహారం. ఆవిడ గొంతు పెంచగా అక్కడ ఎవరూ వినలేదు. తగువుపడేవాళ్ళిద్దరినీ ఆవిడ ఏవో రెండు ప్రశ్నలడుగుతుంది, కాసేపటికి ఒకరు “పోన్లెండి, ఆయన్నే తీసుకోమనండి” అంటారు. ఇది తెలిసి కూడా అద్దాలాయన ఆవిడని తన తరఫు సాక్షిగా పెట్టుకున్నాడంటే ఆయన తెలివికి దణ్ణం పెట్టాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ చర్చా పేజీ తెరిచింది. అద్దాలాయన వెనక పచార్లు చేస్తున్నాడు.

‘చేతులు లేనిదాన్ని కుర్చీ అనరు, వీపున్న స్టూలు అంటారు,’ అని రాశాడు దివిటీ. ‘అయితే స్కూళ్ళలో పిల్లలు, హోటళ్ళలో జనం, ఆసుపత్రి వరండాల్లో రోగులు ఇన్నాళ్ళూ స్టూళ్ళమీద కూర్చున్నారంటారా?’ అని అడిగాడు సున్నా. ‘ఏ పుస్తకంలో ఉంది? మూలం చూపించండి,’ అన్నాడు దివిటీ. ‘ఏ స్కూలుకైనా వెళ్ళి చూడండి,’ అన్నాడు సున్నా. ‘స్కూలు మూలం కాదు, భవనం,’ అన్నాడు దివిటీ.

ఆవిడ పకపకా నవ్వింది.

“ఎక్కడ నవ్వావు? ఆయన్ని నేను చిత్తు చేసిన చోటేనా?” అని ఆత్రంగా అడిగాడు అద్దాలాయన.

“మీరు చిత్తు చేశాననుకున్న చోట.”

తర్వాత ఆవిడ కొత్త కుర్చీ ఫొటో తెరిచి చాలాసేపు చూసింది. ఫొటో చాలా బావుంది. కుర్చీ నిగనిగలాడుతోంది. దాని కాళ్ళ పక్కన నేలమీద నాలుగు గుండ్రటి మచ్చలు కూడా స్పష్టంగా పడ్డాయి. ఎన్నో ఏళ్ళు ఒకేచోట నిలబడి పేము కుర్చీ కాళ్ళు చేసిన మచ్చలు. తీసినాయన కుర్చీని చూశాడు, మచ్చల్ని చూడలేదు. ఆవిడకి నవ్వు ఆగిపోయింది.

కాసేపు ఏదో టైపు చేసింది. ఆయన మెడ చాచాడు. “రాసేటప్పుడు చూస్తే నాకు రాదు,” అని ఆయన్ని బాల్కనీలో బట్టలు తియ్యడానికి పంపించింది. ఆయన బట్టలు తీసుకొచ్చి చూసేసరికి చర్చా పేజీలో పక్కింటావిడ అభిప్రాయం వెలిసింది.

‘మీ ఇద్దరి వాదనలూ చదివాను. ఎవరిది ఒప్పో ఇప్పుడే చెప్పను. ముందు ఒక పని చెయ్యండి. దివిటీ గారు సున్నా గారి తరఫున రాయాలి, సున్నా గారు దివిటీ గారి తరఫున రాయాలి. ఎదుటివారు చదివి, అవును, నేనన్నది ఇదే అని ఒప్పుకునేదాకా తిరగరాస్తూ ఉండాలి. అప్పటిదాకా ఫొటో ముట్టుకోవద్దు.’

అద్దాలాయన బట్టల మోపుతో సహా సోఫాలో కూలబడ్డాడు. “ఒక్క ముక్క రాయమంటే ఇదేంటే! నువ్వు నా భార్యవా, జడ్జివా?”

“ప్రస్తుతానికి ఏ సంబంధమూ లేని మనిషిని.”

“ఆయన ఒప్పుకోడు.”

ఆయన ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రమే సున్నా ‘మంచి మాట చెప్పారు, ప్రయత్నిస్తాను’ అని రాశాడు. ఇక దివిటీకి తప్పించుకునే దారి లేకపోయింది.

మొదటిసారి ఆయన రాసింది ఇది: ‘సున్నా గారికి ఎందుకో చేతుల్లేని కుర్చీలంటే మోజు.’ ‘నేనన్నది ఇది కాదు,’ అన్నాడు సున్నా. మర్నాడు షాపులో గిరాకీ లేనప్పుడల్లా ఆలోచించి, లోకంలో చేతుల్లేని కుర్చీలే ఎక్కువ గనక అదే అసలైన నమూనా అని, తనకే ముచ్చటేసేంత బాగా రాశాడు. ‘వాదన బావుంది. నాకంటే బాగా రాశారు. కానీ నేనన్నది ఇది కూడా కాదు,’ అన్నాడు సున్నా.

అద్దాలాయన తల పట్టుకున్నాడు. భార్య బీన్సు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చున్నాడు.

“ఇంకేమన్నాడే ఆయన? ఇంతకంటే ఏముంది?”

“పాత ఫొటో ఎవరు పెట్టారు?”

“ఆయనే. మేమిద్దరం ఆ వ్యాసం మొదలుపెట్టినప్పుడు.”

“మీరు తీసేటప్పుడు ఆయనేమన్నాడు?”

“ఏమంటాడు, అప్పుడాయన లేడుగా. నాలుగు రోజులు ఏదో పనిమీద రాలేదు. వచ్చాక...” అద్దాలాయన ఆగాడు. లేచి వెళ్ళి చర్చా పేజీ మొదటికంటా వెనక్కి తిప్పాడు. చేతుల గురించిన వాదనలన్నిటికీ ముందు, అన్నిటికంటే పైన, సున్నా మొదట రాసిన చిన్న వాక్యం కనిపించింది. ‘మార్చేముందు ఒక మాట అడగాల్సిందండీ.’ దానికింద దివిటీ జవాబు: ‘చేతుల్లేనిది అసలు కుర్చీయేనా?’

ఈసారి ఆయన మెల్లగా రాశాడు. పూర్తయ్యాక భార్యకి చదివి వినిపించాడు.

‘ఆ పాతది ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంది. ఎవరికీ అడ్డం రాలేదు. నేను లేనప్పుడు చూసి దాన్ని తీసి పక్కన పడేశారు. కొత్తది బాగాలేదని నేను ఎప్పుడూ అనలేదు. తీసేముందు నన్నొక మాట అడగొచ్చు కదా అన్నాను. అడిగితే నేనే సరేననేవాణ్ణేమో. నేను ఇంత చిన్న మాటంటే మీరు దానికి జవాబు చెప్పకుండా చేతుల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.’

ఆవిడ చేతిలో బీన్సు కాయ అలాగే ఉండిపోయింది.

“ఎలా ఉంది?” అన్నాడు.

“బావుంది,” అంది ఆవిడ. “ఇంకోసారి చదవండి.”

ఆయన ఉత్సాహంగా ఇంకోసారి చదివాడు. మెచ్చుకోలు కోసం చూశాడు. ఆవిడ కళ్ళు కొంచెం తడిశాయి. నా రాతలో ఇంత బలముందా అని ఆయన లోలోపల పొంగిపోయాడు. అంతకుమించి ఆయన బుర్రకి ఏమీ తట్టలేదు.

‘అవును. నేనన్నది ఇదే,’ అని సున్నా నుంచి జవాబొచ్చింది. దానికిందే ఆయన దివిటీ తరఫున రాసినదీ ఉంది. ‘నాకో మంచి కుర్చీ వచ్చింది. సంతోషం పట్టలేకపోయాను. ఎవరికైనా చూపించాలనిపించింది. చూపించుకోడానికి నాకు మీరు తప్ప ఎవరున్నారు?’

అద్దాలాయన అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివాడు. తను ఎన్నడూ అనని మాట అది. అయినా ‘అవును, నేనన్నది ఇదే’ అని టైపు చేశాడు.

ఇక్కడితో కథ కంచికి వెళ్ళి ఉంటే మనందరికీ సుఖంగా ఉండేది. కానీ మంచితనం కూడా హద్దు దాటితే గొడవే. ఆ సాయంత్రం దివిటీ తన ఫొటో తీసేసి సున్నా పాత ఫొటో పైన పెట్టాడు. పావుగంటలో సున్నా దాన్ని తీసేసి దివిటీ ఫొటో పెట్టాడు. ‘మీదే ఉండాలండీ,’ అన్నాడు దివిటీ. ‘అస్సలు వీల్లేదు, మీదే,’ అన్నాడు సున్నా. చేతుల్లేని కుర్చీ ఎందుకు గొప్పదో దివిటీ వాదించాడు. చేతులు లేనిదే కుర్చీ లేదని సున్నా వాదించాడు. మొన్నటి వాదనలే అవి, మనుషులు మాత్రం అటూ ఇటూ అయ్యారు. రెండ్రోజుల్లో ఇద్దరికీ మళ్ళీ మాటలు పెరిగాయి. ‘మర్యాద చేస్తుంటే అర్థం కాదా మీకు?’ అని దివిటీ రాసేదాకా వచ్చింది.

ఈ విజ్ఞాన సర్వస్వానికి కాపలాకాసే నిర్వాహకులు కొందరుంటారు. వాళ్ళలో ఒకాయన పేరు గడియ. పేరుకు తగ్గట్టు తాళాలు వెయ్యడమంటే ఆయనకి మహా సరదా. ఆయనకి లోపలి మర్యాదలతో పనిలేదు. ఒక పేజీలో ఇద్దరు ఒకరి మార్పుని ఒకరు తిప్పికొడుతుంటే ఆయన దృష్టిలో అది యుద్ధమే. ‘ఇంకొక్క మార్పు జరిగితే ఇక ఎవరూ ముట్టుకోకుండా పేజీకి తాళం వేస్తాను,’ అని హెచ్చరించాడు.

ఇంకొక్క మార్పు జరిగింది. అది దివిటీ చెయ్యలేదు, సున్నా చెయ్యలేదు. పక్కింటావిడ రెండు కుర్చీల ఫొటోలనూ కాదని, తన ఆఫీసులో ఉన్న ఒక స్టూలు ఫొటో పెట్టింది. గడియ వచ్చాడు, అన్నమాట ప్రకారం తాళం బిగించి వెళ్ళిపోయాడు.

కుర్చీ గురించి తెలుసుకుందామని వచ్చే లోకానికంతటికీ ఇప్పుడు ఆ వ్యాసం నెత్తిమీద స్టూలు కనపడుతోంది. వీపు లేదు, చేతుల్లేవు, ఒక కాలు కొంచెం పొట్టి.

“ఏంటే ఈ ఘోరం?” అన్నాడు అద్దాలాయన.

“మీరంటే మీరని ఇద్దరూ కొట్టుకు చస్తున్నారుగా. ఎవరికీ పట్టింపు లేనిది పెట్టాను.”

“అది కుర్చీ కాదు!”

“కూర్చుంటే పడిపోతామా?”

మర్నాడు షాపుకి ఒక స్కూలు టీచరు కళ్ళజోడు మార్పించుకోడానికొచ్చింది. చూపు మసగ్గా ఉందంది. ఎప్పట్నుంచి అని అడిగాడు అద్దాలాయన. “ఇవాళ పొద్దుట్నుంచే. పిల్లల్ని కుర్చీ బొమ్మ గీసుకు రమ్మంటే క్లాసంతా స్టూలు గీసుకొచ్చారు. ఇదేంట్రా అంటే ఇంటర్నెట్టులో అలాగే ఉంది మేడమ్ అంటున్నారు. నా కళ్ళే పోయాయనుకున్నాను.” అద్దాలాయన కుడి అద్దం పెట్టాల్సిన చోట ఎడమ అద్దం పెట్టాడు.

సాయంత్రం ఇంటికొస్తూనే సున్నాకి రాశాడు. ‘ఎవరండీ ఈ పక్కింటావిడ? మన వ్యాసాన్ని సర్వనాశనం చేసింది.’ మన అనే మాట ఆయన చాలా రోజుల తర్వాత రాశాడు. సున్నా వెంటనే జవాబిచ్చాడు. ఇద్దరూ కలిసి గడియకి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నారు. ఒకరు రాస్తే ఒకరు దిద్దారు. ‘సదరు పక్కింటావిడకి కుర్చీకీ స్టూలుకీ తేడా తెలియదు, అడ్డం వచ్చి నిలబడటం తప్ప ఆవిడకి వేరే పని లేనట్టుంది,’ అని దివిటీ రాశాడు. ‘అంత మాట వద్దండీ, తర్వాత ఇబ్బంది పడతారు,’ అని సున్నా కొట్టేశాడు. ఎవరు ఇబ్బంది పడతారో ఆయన రాయలేదు. దివిటీ పట్టుబట్టి ఆ వాక్యం మళ్ళీ చేర్చాడు. ఇన్నాళ్ళ తర్వాత ఇద్దరూ కలిసి ఒక పేజీ రాస్తున్నందుకు ఆయనకి ప్రాణం లేచొచ్చింది. వంటింట్లోకి వినపడేలా ఈల వేశాడు.

గడియ జవాబు రెండే ముక్కల్లో ఉంది. ‘ముగ్గురూ ఒక మాటమీదికొస్తే తాళం తీస్తాను. లేకపోతే స్టూలే.’

భోజనాల దగ్గర ఆవిడ కంచంలో కూర వడ్డిస్తూ అడిగింది. “ఆవిడకి కుర్చీకీ స్టూలుకీ తేడా తెలియదట. ఎవరండీ అలా రాసిన పెద్దమనిషి?”

అద్దాలాయనకి ముద్ద గొంతులో అడ్డం పడింది. “అది... అక్కడ అందరం అలాగే రాసుకుంటాం.”

“అడ్డం వచ్చి నిలబడటం తప్ప వేరే పని లేదట.”

“చదివావా అదంతా?”

“చదవకుండా ఎలా ఒప్పుకుంటాను? ముగ్గురూ ఒక మాటమీదికి రావాలన్నారుగా.”

ఆయన నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, కాళ్ళబేరానికి వచ్చాడు. “ఏం కావాలో చెప్పు. ఏం చెయ్యమంటే అది చేస్తాను.”

“రెండున్నాయి. మొదటిది, నేనెవరో సున్నా గారికి చెప్పండి.”

ఆయన మొహం పాలిపోయింది. “అదొక్కటీ వద్దు. ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాడు. నేను పెళ్ళాన్ని సాక్షిగా తెచ్చానని తెలిస్తే ఇంక నా మొహం చూడడు.”

“మీ మొహం ఆయనెప్పుడు చూశాడు గనక?”

“నీకర్థం కావట్లేదు,” అన్నాడు. ఈసారి ఆయన గొంతులో హాస్యం లేదు. “ఆయన వెళ్ళిపోతే నాకక్కడ ఇంకెవరూ లేరు. ఇక్కడా లేరు.”

ఆవిడ ఆయన చెయ్యి మీద చెయ్యి వేసి, “అందుకే చెప్పమంటున్నాను,” అంది.

భోజనం సగంలో వదిలేసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు అద్దాలాయన. రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు. చివరికి మిగిలింది ఇంతే: ‘సున్నా గారూ, పక్కింటావిడ మా ఆవిడ. మీమీద గెలవడానికి నేనే తెచ్చాను. తప్పయిపోయింది. మీరు మాత్రం వెళ్ళకండి.’ కళ్ళు గట్టిగా మూసుకుని పంపించేశాడు.

జవాబు వచ్చేవరకూ ఆయన ఊపిరి తీసుకున్నాడో లేదో నేను చెప్పలేను.

‘తెలుసండీ,’ అని రాశాడు సున్నా. ‘ఆవిడ మొదటిరోజే నా పేజీలో రాశారు. నేను దివిటీ గారి భార్యని, నేను మధ్యలో ఉండటం మీకిష్టం లేకపోతే ఇప్పుడే తప్పుకుంటాను అన్నారు. ఆయనతో కాపురం చేస్తున్నవారికంటే నా బాధ బాగా తెలిసేవాళ్ళెవరుంటారు, ఉండండమ్మా అన్నాను. అందరికీ కనపడేలానే ఉంది. మీరు నా పేజీ ఎప్పుడూ చూడరా?’

అక్కడ రాసే ప్రతి మనిషికీ సొంతంగా ఒక పేజీ ఉంటుంది. తన గురించి నాలుగు మాటలు రాసుకోడానికి, వచ్చేపోయేవాళ్ళు పలకరించడానికి. ఇన్నేళ్ళలో అద్దాలాయన సున్నా రాసిన వ్యాసాలన్నీ చదివాడు గానీ సున్నా పేజీలోకి ఒక్కసారీ తొంగిచూడలేదు. ఇప్పుడు చూశాడు. పైన ఆ మనిషి తన గురించి రాసుకున్న మాటలున్నాయి. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. మోకాళ్ళ నొప్పులు. చేతుల్లేని కుర్చీలోంచి లేవడం ఈ మధ్య కష్టంగా ఉంటోందట. ఆ పాత ఫొటోలోది ఆయన భార్య కూర్చునే కుర్చీ అట. కింద తన భార్య రాసిన పలకరింపు ఉంది. ఇల్లంతటికీ, లోకమంతటికీ తెలిసిన సంగతి తనొక్కడికే తెలియలేదని ఆయనకి అర్థమైంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“అంటే ఇన్నాళ్ళూ మీరిద్దరూ కలిసి నన్ను...”

“మిమ్మల్నేం చేశాం? మీరే రాశారు, మీరే చదివారు.”

“సరే, రెండో షరతేంటో చెప్పు.”

“అది నేను చెప్తే బాగా రాదు. మీరు రాసిందే బావుంది. ఇంకోసారి చదవండి.”

ఆయన చర్చా పేజీకి వెళ్ళి, సున్నా తరఫున తను రాసిన ముక్కలు తెరిచాడు. గొంతెత్తి మొదలుపెట్టాడు. “ఆ పాతది ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంది. ఎవరికీ అడ్డం రాలేదు. నేను లేనప్పుడు చూసి...” గొంతు మెల్లమెల్లగా తగ్గిపోయింది. మిగిలింది లోపలే చదువుకున్నాడు. చదివినంతసేపూ తల ఎత్తలేదు. ఎత్తాక ఆవిడ వైపు చూడకుండా నేలవైపు చూశాడు. మచ్చలు అక్కడే ఉన్నాయి.

లేచి వెనక బాల్కనీలోకి వెళ్ళాడు. బకెట్టు దించిన చప్పుడు, కుర్చీని తడిగుడ్డతో తుడిచిన చప్పుడు వినపడ్డాయి. తర్వాత ఆయనే దాన్ని గుండెలకి హత్తుకుని, గుమ్మాలకి మోకాళ్ళు కొట్టుకుంటూ హాల్లోకి వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

“ఎక్కడ వెయ్యమంటావు?” అని అడిగాడు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది. “ముందు కింద పెట్టండి, నడుం పట్టేస్తుంది. ఆ కిటికీకి రెండువైపులా రెండూ పడతాయి.”

రెండూ పట్టాయి. ఆయన కొత్త కుర్చీని కిటికీకి అవతలివైపు జరిపి, పేము కుర్చీని దాని మచ్చల మీదే ఆనించి, ఆవిడ వచ్చి కూర్చుంటుందని వీపు దులిపి పక్కకి జరిగాడు. ఆవిడ వచ్చింది. దాన్ని దాటుకుని వెళ్ళి కొత్త కుర్చీలో వెనక్కి వాలి, వెడల్పాటి చేతుల మీద రెండు మోచేతులూ ఆనించి, కాళ్ళు చాపి, “అబ్బ!” అంది.

అద్దాలాయన తెల్లమొహం వేశాడు. “నీకది నచ్చదనుకున్నానే!”

“ఎవరన్నారు? వచ్చిన రోజునుంచే కూర్చోవాలనుంది. అడగలేదని బెట్టు చేశాను.”

“మరి ఇది?”

“అది అల్లుకునేటప్పుడు. ఇది అలిసిపోయినప్పుడు. ఇవాళ మీవల్ల బాగా అలిసిపోయాను.”

చేసేదేమీ లేక ఆయన పేము కుర్చీని కంప్యూటరు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మోచేతులు ఆనించబోతే గాలి తగిలింది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి అలవాటైంది. సున్నా ఇంకా అక్కడే ఉన్నాడు.

‘సున్నా గారూ, ఏ ఫొటో పెడదామంటారు?’ అని రాశాడు.

“నన్నూ అడగాలి,” అంది ఆవిడ, కళ్ళు మూసుకునే. “ముగ్గురం ఒప్పుకోవాలన్నారు.”

“అడుగుతాను,” అన్నాడు అద్దాలాయన, సున్నా జవాబు కోసం ఎదురుచూస్తూ.